కాపలా చేప - పిస్తోలు రొయ్య

పిల్లలూ! మత్స్యావతారం కథ మీరు వినే ఉంటారు. సత్యవ్రతుడనే రాజు ఏటిలో తర్పణం విడుస్తూ ఉండగా ఆయన దోసిట్లోకి ఒక చిన్న చేపపిల్ల వచ్చిపడింది. రాజు దాన్ని తిరిగి నీళ్ళలో వదలబోయాడు. కాని ఆ చేపపిల్ల, నీళ్ళలో పెద్ద చేపలు చిన్న చేపలను బతకనివ్వవనీ, తనను వాటి పాలు చేయవద్దనీ వేడుకున్నది. రాజు జాలిపడి దాన్ని కమండలంలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. తెల్లవారేసరికి దానికి కమండలం చాలలేదు. పెద్ద పాత్రలో వేస్తే పాత్ర చాలలేదు, మడుగులో వేస్తే మడుగు చాలలేదు. ఆఖరుకు దాన్ని సముద్రానికే చేర్చవలసి వచ్చింది. ఈ కథను తెలుగు భాగవతంలో మనకు చెప్పినవాడు పోతన. ఆయన ఊరుగా పేరుపడిన బమ్మెర మన జనగామ జిల్లాలోనే ఉన్నది.

ఆ చేప సామాన్యమైన చేప కాదు. అయినా చేపను పెంచాలనుకునే ప్రతివారూ ఆ కథనుంచి నేర్చుకోదగిన సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, చేపకు ఇరుగుపొరుగు ఎవరో చూడాలి. రెండు, దానికి తగిన ఇల్లు ఉండాలి. చేపను చేతిలోకి తీసుకున్న క్షణంనుంచి ఈ రెండూ మన బాధ్యతే.

ఈ నెల మనం చెప్పుకోబోయేది ఇద్దరు వింత నేస్తాలను గురించి. ఒకటి చేప, రెండవది రొయ్య. రెండూ ఉప్పునీటి ప్రాణులు. అద్దాలతొట్టిలో సముద్రపు చేపలను పెంచడం కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది ఈ జంటను చూసి ముచ్చటపడతారు. కాని ఏ చేపకు ఏ రొయ్య జత కుదురుతుందో తెలుసుకోకుండా తెచ్చి, ఏదో ఒకదాన్ని పోగొట్టుకుంటారు. అట్లా జరగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చూద్దాం.

సముద్రం లేని చోట సముద్రం

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి - 2016లో జిల్లాలుగా ఏర్పడిన ఈ మూడింటికీ సముద్రం లేదు. ఇక్కడినుంచి కడలి ఒడ్డుకు పోవాలంటే ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు, చాలా ఊళ్ళనుంచి అంతకంటె ఎక్కువే ప్రయాణం చెయ్యాలి.

అయినా ఈ ప్రాంతంవారికి 'సముద్రం' అనే మాట కొత్త కాదు. కాకతీయుల కాలంలో పెద్ద చెరువులకు సముద్రాలనే పేర్లు పెట్టేవారు. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు గణపసముద్రం. మహబూబాబాదు జిల్లా బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించి, దానికి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. ఆ సంగతి చెప్పే శాసనం అక్కడే ఉన్నది.

ఆ సముద్రాలన్నీ మంచినీటివి. వానలు పడితే నిండుతాయి. కాని మనం ఇంట్లో చేయదలచిన చిన్న సముద్రం ఉప్పుది. దానికి వాన లేదు, అల లేదు, ఏరు లేదు. అన్నీ మన చేతులతోనే సమకూర్చాలి. అందుకే అందులో ఉంచే ప్రాణులను ముందుగా బాగా తెలుసుకోవాలి.

మన ఇసుకదొందుకు దూరపు చుట్టం

చేపకు 'గోబీ' అని పేరు. గోబీ అనగానే మీకు కూరగాయల అంగడిలోని గోబిపువ్వు గుర్తుకు రావచ్చు. ఆ గోబీకీ ఈ గోబీకీ పేరులో తప్ప ఏ పోలికా లేదు! ఇది చేపలలో ఒక పెద్ద కుటుంబం. ఇందులో దాదాపు రెండువేల జాతులు ఉన్నాయి.

మీరు వాగులోగాని గోదావరిలోగాని గాలం వేసినవారైతే గోబీని చూసే ఉంటారు. మన ఇసుకదొందు గోబీయే. ఇసుక రంగులో ఉండి, అడుగున ఇసుకమీదే కడుపు ఆనించి కదలకుండా పడుకుని ఉంటుంది. ఈసారి దొరికినప్పుడు దాన్ని తిప్పి పొట్టకింద చూడండి. అక్కడి రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలాగా కనిపిస్తాయి. గోబీలలో ఎక్కువ జాతులకు ఇదే గుర్తు. నీటి వడికి కొట్టుకుపోకుండా అడుగును పట్టుకుని నిలవడానికి ఆ గిన్నె పనికివస్తుంది.

ఇసుకదొందు చిన్న చేపలనూ, రొయ్యపిల్లలనూ పట్టి తింటుంది. కాని సముద్రంలో ఉండే దాని చుట్టాలు కొన్ని రొయ్యను తినకపోగా, దానితో ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి!

కళ్ళు ఒకరివి, చేతులు ఒకరివి

వెచ్చని సముద్రాలలో, పగడపు దిబ్బల పక్కన ఇసుక నేలలు ఉంటాయి. అక్కడ దాక్కోవడానికి చెట్టూ చేమా ఉండవు. పిస్తోలు రొయ్య ఆ ఇసుకలో బొరియ తవ్వుకుంటుంది. రోజల్లా తవ్వుతూనే ఉంటుంది. చిన్న బుల్డోజరు మాదిరిగా ఇసుకను తోసుకువచ్చి గుమ్మంలో పోస్తుంది. గవ్వముక్కలూ, రాతిముక్కలూ తెచ్చి కప్పు కూలకుండా పేర్చుకుంటుంది. పనిమంతుడే గాని దానికి చూపు ఆనదు. ఇసుక పారబోయడానికి బయటకు వచ్చినప్పుడు శత్రువు వచ్చినా చూడలేదు.

గోబీకి చూపు చురుకు. కాని బొరియ తవ్వుకునే చేతులు లేవు. కనుక ఇద్దరూ ఒప్పందం చేసుకున్నట్లుగా బతుకుతారు. గోబీ గుమ్మంలో కాపలా కూర్చుంటుంది. రొయ్య బయటకు వచ్చినప్పుడల్లా తన పొడవాటి మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. పెద్ద చేప ఏదైనా దగ్గరకు వస్తే గోబీ తోకను చిన్నగా విదిలిస్తుంది. అంతే! మీసం ద్వారా ఆ సంగతి రొయ్యకు అందుతుంది. చటుక్కున లోపలికి పోతుంది. ప్రమాదం మరీ దగ్గరకు వస్తే గోబీ తానే తలకిందులుగా బొరియలోకి దూకుతుంది. చీకటి పడగానే ఇద్దరూ లోపలికి చేరుకుంటారు. తెల్లవారాక ముందు గోబీ బయటకు వచ్చి చూస్తేనే రొయ్య పని మొదలుపెడుతుంది.

గుడ్డివాడి భుజాలమీద కుంటివాడు ఎక్కి, ఇద్దరూ కలిసి దారి నడిచిన కథ మీకు తెలుసు గదా! దాన్ని మనుషులు చెప్పుకోక ముందే ఈ ప్రాణులు ఆచరిస్తూ ఉన్నాయన్నమాట.

ఎర్రసముద్రంలోని ఇటువంటి జంటను గూర్చి 1958లో వోల్ఫ్‌గాంగ్ లూథర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వివరంగా రాశాడు. తరువాత 1970ల నుంచి ఇలాన్ కార్‌ప్లస్ అనే ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు తోక విదిలింపులనూ, మీసపు స్పర్శనూ ఓపికగా పరిశీలించి, ఆ రెండు ప్రాణులమధ్య నడిచే భాషను బయటపెట్టాడు. నూరుకు పైగా గోబీ జాతులు ఇట్లా రొయ్యలతో కలిసి ఉంటాయని ఇప్పుడు తెలుసు.

బుడగతో పేల్చే పిస్తోలు

ఇక రొయ్యకు పిస్తోలు అనే పేరు ఎందుకు వచ్చిందో చూద్దాం. దాని ముందుచేతులు రెండూ పటకారులలాగా ఉంటాయి. వాటిలో ఒకటి చాలా పెద్దది. రొయ్య ఆ పటకారును తెరిచిపట్టి టక్కున మూసినప్పుడు 'టప్' అని పేలుతుంది. రెండు దవడలూ కొట్టుకోవడంవల్లనే ఆ చప్పుడు వస్తున్నదని చాలాకాలం అనుకున్నారు.

2000లో నెదర్లాండ్సు, జర్మనీ శాస్త్రజ్ఞులు కొందరు అతి వేగంగా తీసే కెమేరాతో దీన్ని చిత్రించారు. అప్పుడు అసలు రహస్యం బయటపడింది. పటకారు మూసుకునేటప్పుడు అందులోనుంచి నీరు గంటకు దాదాపు నూరు కిలోమీటర్ల వేగంతో చిమ్ముకువస్తుంది. ఆ వేగానికి నీటిలో ఒత్తిడి తగ్గి ఒక బుడగ పుడుతుంది. మరుక్షణంలో చుట్టూ ఉన్న నీరు దాన్ని నలిపివేస్తుంది. ఆ నలగడంలో పుట్టే చప్పుడే మనకు వినిపించేది! 2001లో మరొక వింత తెలిసింది. బుడగ నలిగేటప్పుడు కంటికి కనిపించనంత చిన్న మెరుపు పుడుతున్నది. ఆ క్షణంలో బుడగ లోపలి వేడి 4700 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గదు. ఆ దెబ్బకు చిన్న ప్రాణులు మూర్ఛపోతాయి. రొయ్యకు అదే వేట.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ రొయ్యలు నౌకాదళంవారిని కూడా తికమకపెట్టాయి. జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీటిలోకి దింపిన యంత్రాలలో, నూనెలో గింజలు వేగుతున్నట్లు చిటపటమనే రొద వినిపించేది. తీరా పరిశోధిస్తే అది లక్షలాది పిస్తోలు రొయ్యలు చేస్తున్న రొద అని తేలింది.

మరి ఈ రొయ్య మన తొట్టి అద్దాన్ని పగలగొడుతుందా? భయం లేదు. బుడగ శక్తి దాని ముంగిట్లోనే ఖర్చయిపోతుంది. రాత్రివేళ గదిలో 'టక్' మని వినిపిస్తే ఉలిక్కిపడకండి, అంతే.

ఇంకొక్క వింత. పోట్లాటలో ఎప్పుడైనా పెద్ద చెయ్యి ఊడిపోతే, మిగిలిన చిన్న చెయ్యి కుబుసం విడిచినకొద్దీ పెరిగి పిస్తోలుగా మారుతుంది. ఊడినచోట కొత్తగా చిన్న చెయ్యి మొలుస్తుంది. కుడిచేతివాటం కాస్తా ఎడమచేతివాటం అవుతుంది!

ఏ గోబీకి ఏ రొయ్య?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గోబీ అన్న పేరున్న ప్రతి చేపా రొయ్యతో స్నేహం చేయదు. దుకాణంలో కనిపించే వజ్రగోబీ చూడడానికి అందంగా ఉంటుంది. కాని దాని పని రోజంతా ఇసుకను నోట్లోకి తీసుకుని జల్లెడపట్టడం. దానికి రొయ్య అక్కరలేదు. నియాన్ గోబీ పెద్ద చేపల ఒంటిమీది పురుగులను ఏరి తింటుంది. క్లౌన్ గోబీ పగడపు కొమ్మలలో కూర్చుంటుంది. వీటిని తెచ్చి పిస్తోలు రొయ్య పక్కన వేసి, 'స్నేహం చేయడం లేదే!' అని విచారిస్తే ఏం లాభం?

అట్లాగే ప్రతి పిస్తోలు రొయ్యా చేపతో కాపురం చేయదు. రాళ్ళ సందులలో దాగి వచ్చే కొన్ని జాతులు ఒంటరిగా బతికేవి. వాటి దృష్టిలో చిన్న చేప ఆహారమే.

కొత్తవారికి అన్నిటికంటె అనువైన జంట పసుపు వాచ్‌మన్ గోబీ, పులి పిస్తోలు రొయ్య. ఈ గోబీ మేలిమి పసుపు రంగులో, ఒంటినిండా సన్నని నీలిచుక్కలతో ఉంటుంది. బాగా పెరిగితే ఎనిమిదినుంచి పది సెంటీమీటర్లు. పేరుకు తగ్గట్టు మూతి ముడుచుకుని, గుమ్మంలో కూర్చున్న కాపలావాడిలాగానే కనిపిస్తుంది. పులి రొయ్య ఒంటిమీద గోధుమ, పసుపు చారలు ఉంటాయి. పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. రెండూ గట్టి ప్రాణులు. పెట్టిన తిండి తింటాయి.

రెండవ జంట రాండల్ పిస్తోలు రొయ్య, పొడవాటి వీపురెక్క ఉన్న చిన్న చారల గోబీలు. ఈ రొయ్య పులి రొయ్యకంటె చిన్నది. తెలుపుమీద ఎర్రచారలతో పిప్పరమెంటు బిళ్ళలాగా ఉంటుంది. అందమైన జంటే. కాని ఈ గోబీలు బెదురుగొడ్లు. పొరుగున దుడుకు చేప ఉంటే బొరియ వదిలిరాక ఆకలితో చస్తాయి. కనుక ఇవి మొదటి సంవత్సరంలో వద్దు.

జత కుదిర్చేటప్పుడు పరిమాణం చూడడం మరచిపోవద్దు. రొయ్య తన ఒంటికి తగినట్లే బొరియ తవ్వుతుంది. లావుపాటి గోబీకి బుల్లి రొయ్యను తెస్తే ఆ ఇంట్లో గోబీ పట్టదు. వేలెడైనా లేని గోబీకి ముదురు రొయ్యను తెస్తే పిస్తోలు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నది. దుకాణంలో అవి అప్పటికే ఒకే బొరియలో ఉంటే ఆ రెంటినీ కలిపి అడగండి. అంతకుమించిన హామీ మరొకటి లేదు.

ఒకే జాతి గోబీలను రెంటిని వెయ్యకూడదు. అవి ఆడా మగా అయి, ముందే జతపడినవైతే తప్ప పోట్లాడుకుంటాయి.

ఇక ఇరుగుపొరుగు. హాక్ చేప, ట్రిగ్గర్ చేప, సింహచేప, పెద్ద రాస్ చేపలు - ఇవన్నీ రొయ్యను తినేవే. ఎర్ర తెల్ల పట్టీలున్న, బాక్సరు వంటి మరొక రొయ్య జాతి ఉన్నది. అది పిస్తోలు రొయ్యతో తగవు పెట్టుకుంటుంది. చిన్న చిన్న అలంకారపు రొయ్యలను వేస్తే పిస్తోలు రొయ్యే వాటిని వేటాడవచ్చు. కనుక ఆ తొట్టిలో రొయ్య ఒక్కటే చాలు. పైభాగంలో ఈదడానికి ఒక జత క్లౌన్ చేపలు బాగుంటాయి. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా కేంద్రంవారు వీటిచేత తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచే పద్ధతిని రూపొందించారు. అట్లా పెంచిన చేపలను కొంటే సముద్రం నుంచి ఒక్క ప్రాణినీ తగ్గించినవారం కాము.

ఉప్పు లెక్క

ఎనభైనుంచి నూరు లీటర్ల తొట్టి ఈ జంటకు సరిపోతుంది. ఇంకా చిన్నదైతే చవక కదా అనుకోవద్దు. నీరు తక్కువైనకొద్దీ పొరపాటు త్వరగా ముదురుతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పులు కరిగి ఉంటాయి. తొట్టిలో 80 లీటర్ల నీరు పోశారనుకుందాం. 80ని 35తో గుణిస్తే 2800 గ్రాములు. అంటే రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అయితే ఈ ఉప్పు వంటింటి ఉప్పు కాదు. సముద్రపు ఉప్పులలో సోడియం, క్లోరిను కలిసి నూటికి 85 పాళ్ళు. మిగిలిన 15 పాళ్ళలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవి ఉంటాయి. ఉప్పుమళ్ళలో కూర ఉప్పు తీసేటప్పుడు చేదుగా ఉండే ఆ మిగులు నీటిని పారబోస్తారు. మనకు చేదైనది రొయ్యకు ప్రాణం. పెంకు కట్టుకోవడానికి దానికి కాల్షియం కావాలి. కనుక చేపల దుకాణాల్లో అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమమే వాడాలి.

నీరు బోరునుంచి నేరుగా పట్టినది పనికిరాదు. ఆర్వో యంత్రంలో వడకట్టిన నీరు కావాలి. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ రాగిబిందెలోగాని, ఇత్తడిబిందెలోగాని నిలవచేయకండి. రాగి మనకు మంచిదే కావచ్చు. రొయ్యలకు మాత్రం విషం. చేపల జబ్బులకు అమ్మే మందులలో కూడా రాగి ఉండేవి ఉన్నాయి. వాటిని ఈ తొట్టిలో వెయ్యకూడదు. దోమలమందు కూడా ఆ గదిలో కొట్టకూడదు, వెలిగించకూడదు.

ఇప్పుడు ఒక చిక్కుప్రశ్న. నాలుగు రోజుల్లో తొట్టిలోని నీరు నాలుగు లీటర్లు ఆవిరైపోయింది. మళ్ళీ నింపడానికి ఉప్పునీరు పోయాలా, మంచినీరు పోయాలా? ఉప్పునీరే అన్నారా? తప్పు! ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. 2800 గ్రాముల ఉప్పూ 76 లీటర్లలోనే ఉండిపోయింది. అంటే లీటరుకు దాదాపు 37 గ్రాములయింది. కనుక ఉప్పు కలపని ఆర్వో నీటినే పోసి నింపాలి. ఎండాకాలంలో ఈ పని రోజూ చెయ్యాలి.

ఎండాకాలమంటే జ్ఞాపకం వచ్చింది. మే నెలలో మన ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. నీటిమీదికి గాలి వీచేటట్లు చిన్న ఫ్యాను అమర్చితే కొంతవరకు చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లగా ఉండడానికి కారణం ఏదో, ఇక్కడి కారణమూ అదే. కాని ఎండలు ముదిరినప్పుడు ఫ్యాను ఒక్కటే చాలదు. ఆ మూడు నెలలూ నీటిని చల్లబరిచే యంత్రంగాని, చల్లని గదిగాని ఏర్పాటు చేయలేనివారు ఈ ప్రాణులను తేకపోవడమే న్యాయం. కరెంటు పోతే గాలి ఆడడానికి బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

పాలు తోడుకున్నట్లు నీరు తోడుకోవాలి

తొట్టి కొన్నరోజే చేపలను తేవాలని అందరికీ తొందరగా ఉంటుంది. ఈ తొందరే ఎక్కువ చేపలను చంపుతున్నది.

చేప విసర్జించే మలినంనుంచీ, మిగిలిన తిండినుంచీ అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. సముద్రంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు చాలావరకు మేలు. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి రాళ్ళమీదా, ఇసుకలోనూ, ఫిల్టరులోనూ పెరగడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. పాలలో తోడు వేసి తెల్లవారేదాకా ఆగుతాము కదా! ఇదీ అంతే. అప్పుడప్పుడు చిటికెడు చేపమేత వేస్తూ, పరీక్ష సీసాలతో నీటిని చూస్తూ ఉండాలి. ముందు అమోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నకు వచ్చిన తరువాతనే ప్రాణులను తేవాలి. ఈ ఆరు వారాలూ ఒక పుస్తకంలో తేదీవారీగా అంకెలు రాసుకున్నారంటే మీరే చిన్న శాస్త్రజ్ఞులు.

తొట్టి అమర్చేటప్పుడు ముందు రాళ్ళు, తరువాత ఇసుక. ఈ వరస తప్పకూడదు. ఇసుకమీద రాయి పెడితే రొయ్య దానికింద తవ్వుకుంటూ పోతుంది. రాయి కూలి దానిమీదే పడుతుంది. కనుక రాళ్ళను అడుగుపలకమీదే కదలకుండా నిలిపి, చుట్టూ ఆరేడు సెంటీమీటర్ల ఎత్తున ఇసుక పోయాలి. సన్నని ఇసుకలో గవ్వముక్కలూ, గులకరాళ్ళూ కలపాలి. సన్న ఇసుక ఒక్కటే అయితే కప్పు నిలవదు. మేస్త్రీకి ఇసుకతోపాటు కంకర కూడా కావాలి గదా!

రాళ్ళకోసం పగడపు రాళ్ళు ఎవరైనా తెచ్చి ఇస్తామంటే తీసుకోకండి. 2001 నుంచి మన దేశపు రాతిపగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉన్నది. అలంకారానికి ఈ కాలంలో కృత్రిమంగా చేసిన రాళ్ళు దొరుకుతున్నాయి.

కొత్త అల్లుడు వచ్చినప్పుడు

ప్రాణులను తెచ్చిన సంచిలోని నీటిలోకి తొట్టి నీటిని చుక్కచుక్కగా గంటసేపు కలపండి. రొయ్యకు ఉప్పు తేడా ఒక్కసారిగా తగిలితే తట్టుకోలేదు. తరువాత దీపం ఆర్పి, రొయ్యను ఒక రాతి మొదట వదలండి. గోబీని కూడా ఆ పక్కనే వదలండి. ఆ రాత్రికే అవి కలుసుకోవచ్చు. రెండు మూడు వారాలు పట్టినా పట్టవచ్చు. రొయ్య రోజుల తరబడి కనిపించకపోతే చచ్చిపోయిందేమోనని రాళ్ళు కదిలించకండి. కట్టుకున్న ఇల్లు కూలుతుంది. ఒకనాడు ఇసుకమీద రొయ్య ఆకారం కదలకుండా పడి ఉంటే కంగారుపడవద్దు. పామువలె అది కూడా కుబుసం విడుస్తుంది. కొత్త పెంకు గట్టిపడేవరకు లోపల దాక్కుంటుంది.

గోబీ బెదిరితే గాలిలోకి ఎగురుతుంది. తొట్టిపైన సన్నని వలమూత తప్పక ఉండాలి. రోజుకు ఒకటి రెండుసార్లు, సన్నగా తరిగిన రొయ్యమాంసమో, దుకాణంలో దొరికే చిన్న రొయ్యపిల్లల మేతో పెడితే చాలు. రొయ్య వాటా దాని గుమ్మం దగ్గర పడేటట్లు చూడండి. తీగలు, ప్లగ్గులు పెద్దవారు చూసుకోవలసినవి. తడిచేత్తో ముట్టకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. పెంచలేకపోతే వాటిని చెరువులో వదలవద్దు. ఉప్పునీటి ప్రాణి మంచినీటిలో చచ్చిపోతుంది. ఇక మంచినీటి అద్దాలతొట్లనుంచి బయటపడిన 'దెయ్యంచేప' మన నదులలో పెరిగి, బెస్తవారి వలలు చింపుతున్న సంగతి పెద్దలను అడిగి తెలుసుకోండి. పెంచలేనప్పుడు కొన్న దుకాణానికో, తెలిసిన పెంపకందారుకో తిరిగి ఇవ్వాలి.

కొనబోయేముందు అయిదు ప్రశ్నలు

1. ఈ గోబీ రొయ్యతో ఉండే జాతేనా?
2. ఈ రొయ్య గోబీతో ఉండే జాతేనా? రెండింటి పరిమాణం సరిపోయిందా?
3. తొట్టిలో రొయ్యను తినే చేప ఏదైనా ఉన్నదా?
4. నీటిలో అమోనియా, నైట్రైటు సున్నకు వచ్చాయా?
5. మే నెలలోనూ, మేము ఊరికి పోయినప్పుడూ వీటిని ఎవరు చూస్తారు?

అయిదింటికీ జవాబు దొరికితే మీ నాన్నగారితో కలిసి దుకాణానికి బయలుదేరండి. ఒక్కదానికి దొరకకపోయినా ఆగండి. ఆగినందువల్ల మీకు నష్టమేమీ లేదు. ఈలోగా చెరువుగట్టుకు పోయి, లోతు లేనిచోట పెద్దవారి పక్కన కూర్చుని ఇసుకదొందును వెతకండి. ఇసుకలో ఇసుకలాగా కలిసి ఉన్న దాన్ని కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అంతసేపు కదలకుండా కూర్చోగలిగినవారికి, గుమ్మంలో కాపలా కాసే దాని చుట్టాన్ని పెంచే ఓపిక కూడా తప్పక అలవడుతుంది.